వేలికొసల దండ

ఫిబ్రవరి 3

పిచ్చుకకి,

ఇక్కడ మీ అమ్మా నేనూ ఎప్పట్లాగే పోట్లాడుకుంటూ ఆరోగ్యంగా ఉన్నాం. నువ్వెలా ఉన్నావో తెలియాలంటే నువ్వు రాయాలి. ఫోన్ చేస్తే "డ్యూటీలో ఉన్నా పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అదే ఉత్తరమైతే మీ అమ్మ నా చేత పదేపదే చదివించుకుంటుంది. తనకి చూపు బాగా మందగించింది, మనుషుల్ని గొంతుతోనే పోల్చుకుంటోంది. చెవులు మాత్రం పాము చెవులు. చదువుతూ నేనెక్కడైనా ఒక ముక్క మింగానంటే "ఏదో దాటేశావు అక్కా, మళ్ళీ చదువు" అంటుంది. నువ్వు రాసే ప్రతి మాటా తను వింటుందని గుర్తుపెట్టుకుని రాయి.

ఇక నా గొడవ. మా పెద్ద డాక్టరు గదికి పిలిచి, "అన్ని వార్డుల్లోనూ రక్తం తీసే పద్ధతి ఇకమీదట మీరే చూసుకోవాలి సిస్టర్" అన్నారు. నర్సులకి సూదులు గుచ్చుకోవడం ఎక్కువైందట. ఎక్కువవదూ మరి! చేతులు కడుక్కోమంటే కుళాయి కింద వేళ్ళు తడుపుకుని వస్తారు. వాడిన సూదికి మూత పెట్టొద్దని గోడల మీద రాయించాం, ఆ గోడకి ఆనుకునే రెండు చేతులతో తాపీగా మూత పెడతారు. అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండేది గ్లౌజుల దగ్గర. తొడుక్కోమంటే తొడుక్కుంటారు, చూపుడు వేలి కొస మాత్రం పుటుక్కున చింపేస్తారు. ఏమిటే ఇది అంటే "నరం వేలికి తగలడం లేదు సిస్టర్" అంటారు. మంచాల కింద చూస్తే అంతా వేలికొసలే.

నేను ఊరుకునే రకమా? రోజూ వాళ్ళ వెనక నిలబడి, చింపిన కొసని అక్కడికక్కడే తీసుకుని, దారానికి గుచ్చి, చింపినమ్మాయి పేరు చీటీ మీద రాసి దానికి కట్టాను. డ్యూటీ అప్పగించుకునే బల్లకి ఎదురుగా గోడ మీద ఆ దండ వేలాడదీశాను. సూది గుచ్చుకున్నవాళ్ళకైతే ఎర్ర చీటీ. పొద్దున్నే డ్యూటీ మారేటప్పుడు అందరి ముందూ ఆ పేర్లు చదివిస్తాను. ఆ మొహాలు చూడాలి నువ్వు! ఒకమ్మాయి ఏడ్చింది కూడా. ఏడిస్తే ఏడవనీ, రోగం తెచ్చుకుని ఏడవడం కన్నా నయం.

మా అల్లుణ్ణి అడిగానని చెప్పు. అతను ఇంకా బస్సుల కిందే పడుకుంటున్నాడా, ఇంట్లో కూడా కాస్త కనిపిస్తున్నాడా?

నిన్ను ఉత్తరం కోసం సతాయిస్తూనే ఉండే
నీ పెద్దమ్మ

ఫిబ్రవరి 15

పెద్దమ్మకి, పక్కనే కూర్చుని వింటున్న అమ్మకీ,

నేను బాగున్నాను. మీ అల్లుడికి డిపోలో పని ఎక్కువగా ఉంది. ఇంటికొచ్చాక ఆ చేతుల నూనె మరకలు వదిలించడానికి సబ్బు అరిగిపోతోంది. వార్డులో నేను పొద్దస్తమానం చేతులు కడుక్కుంటూ ఉంటాను, ఇంటికొస్తే ఆయన కడుక్కుంటూ ఉంటాడు. మా సంసారమంతా కుళాయి దగ్గరే గడుస్తోంది.

నీ దండ సంగతి చదివి నవ్వాపుకోలేక మా ఇన్‌ఛార్జి సిస్టర్‌కి చెప్పాను. మేం ఆవిణ్ణి పెద్దగంట అంటాం. ఆవిడ మాట్లాడితే పక్క వార్డులో పేషంట్లు కూడా లేచి కూర్చుంటారు. ఆవిడకి నీ ఆలోచన ఎంత నచ్చిందంటే, మర్నాడే దారం తెప్పించింది. దండకి మొదటి కొస ఎవరిదో తెలుసా? నాది! "మీ పెద్దమ్మ కనిపెట్టిన దండ కదా, నీతోనే మొదలుపెడదాం" అంది. అందరూ పగలబడి నవ్వారు, నేనూ నవ్వాను. రెండోసారి పేరెక్కితే మాత్రం పై ఆఫీసుకి రాస్తుందట, ఎర్ర చీటీ అయితే వార్డులోంచే తీసేస్తుందట. అది విన్నాక ఎవరూ నవ్వలేదు.

నిజం చెప్పనా? మాకొచ్చే గ్లౌజులన్నీ ఒకే సైజు. మగవాళ్ళ చేతులకి సరిపోతాయి. నా వేలి చివర కొంత రబ్బరు ముడతలు పడి ఖాళీగా వేలాడుతుంది. దాంతో నరం పట్టుకోవాలంటే దుప్పటి మీంచి తడిమినట్టు ఉంటుంది. మా వార్డులో అందరూ ముసలివాళ్ళే, వాళ్ళ నరాలు వేలికి తగిలినట్టే తగిలి పక్కకి జారిపోతాయి. ఒకసారి తప్పితే ఆ పెద్దావిడ మూలుగుతుంది, రెండోసారి తప్పితే వాళ్ళ కొడుకు కేకలేస్తాడు. ఇంకోటి, సూదుల డబ్బా గది చివర తలుపు పక్కన ఉంటుంది. కిటికీ వైపు మంచం దగ్గర రక్తం తీస్తే, మొన తేలిన సూది పట్టుకుని అంత దూరం, జనం మధ్యలోంచి నడవాలి. మూత పెట్టకుండా ఎలా నడుస్తారు?

మీ దగ్గర చిన్న సైజులు వస్తాయా? రాకపోతే మీ పెద్ద డాక్టరుకి చెప్పావా? ఏం చేశావో రాస్తే నేనూ ఇక్కడ అడుగుతాను.

మీ పిచ్చుక

మార్చి 1

పిచ్చుకకి,

మొదటి కొస నీదని చదవగానే ముందు నవ్వొచ్చింది, తర్వాత తల కొట్టేసినట్టయింది. నరం పట్టుకోవడం నా చేతి మీద నేర్చుకున్న పిల్లవి నువ్వు! నా మోచేతి మీద నీ సూది మచ్చ ఇంకా ఉంది. పెద్దగంట ఏమనుకుని ఉంటుంది, ఆ పెద్దమ్మ నేర్పింది ఇంతేనా అనుకోదూ? ఇంకోసారి నీ పేరు దండకెక్కిందని తెలిసిందో, నాకు మొహం చూపించకు. నిజంగానే అంటున్నాను.

గ్లౌజుల సైజు గురించి రాశావు. మా అమ్మాయిలదీ అదే పాట. ఒళ్ళు వంచలేనివాళ్ళకి వంకలకేం తక్కువ? మా రోజుల్లో గ్లౌజులు ఉడకబెట్టి, ఆరేసి, పౌడరు రాసి మళ్ళీ అవే తొడుక్కునేవాళ్ళం. అప్పుడు మాకు నరాలు దొరకలేదా? సూదుల డబ్బా అంటావా, అది మంచాల పక్కన ఉంటే చూడ్డానికొచ్చినవాళ్ళు హడలిపోతున్నారని నేనే తలుపు దగ్గర పెట్టించాను. వార్డు చూడ్డానికి శుభ్రంగా ఉండొద్దూ?

ఇదంతా వింటూ మీ అమ్మ "దాని చేతులు చిన్నవే అక్కా, నా పోలిక" అని వెనకేసుకొచ్చింది. నీ మీద ఈగ వాలనివ్వదు కదా.

అసలు సంగతి విను. మా దండ పెరగడం ఆగిపోయింది! కొత్త కొస ఒక్కటి కూడా దొరకలేదు. పెద్ద డాక్టరు నన్ను ఆకాశానికెత్తేశారు. అన్ని ఆసుపత్రులవాళ్ళూ వచ్చే మీటింగులో నన్ను మాట్లాడమంటున్నారు. నాకేమో మైకు చూస్తే నోరు ఎండిపోతుంది. మీ అమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని రోజూ సాధన చేస్తున్నాను, తను నిద్రపోతోంది.

నీ పెద్దమ్మ

మార్చి 14

పెద్దమ్మకి, అమ్మకి,

అక్షరాలు కోడి గీసినట్టున్నాయని తిట్టకు. కూరగాయలు తరుగుతుంటే కత్తి తగిలి చూపుడు వేలు తెగింది. పెద్ద దెబ్బేం కాదు, అమ్మా కంగారు పడకు.

ఒక విషయం అడగాలని రాస్తున్నాను. ఇక్కడ ఒకమ్మాయికి సూది గుచ్చుకుంది. కిటికీ పక్క మంచం మీద తాతగారికి రక్తం తీయాలి. నరం ఎంతకీ దొరకలేదు. పెద్దగంట అటు తిరిగినప్పుడు ఆ అమ్మాయి వేలికొస చింపి జేబులో దాచేసింది. నరం దొరికింది, రక్తం వచ్చింది. డబ్బా దాకా నడవాలి కదా అని సూదికి మూత పెట్టబోతే, వెనకనుంచి ఎవరో మంచం తోసుకుంటూ వచ్చి మోచేతికి తగిలారు. సూది ఆ చింపిన వేలిలోకే దిగింది. రక్తం పిండేసుకుని, కడుక్కుని, దూది చుట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే వేలికొస సంగతి కూడా బయటపడుతుంది. ఎర్ర చీటీ, ఆపైన వార్డులోంచి తీసేయడం. ఆ అమ్మాయి పెద్దవాళ్ళకి కూడా తలవంపులే.

తాతగారి రిపోర్టు ఇంకా రాలేదు. ఆయన మొహం చూస్తే ఏమీ ఉండదనే అనిపిస్తోందట ఆ అమ్మాయికి.

నీ వార్డులో ఇలా జరిగి, ఆ అమ్మాయి నీ దగ్గరికొస్తే నువ్వేం చేస్తావు పెద్దమ్మా? దండ సంగతి పక్కన పెట్టి చెప్పు. ఈ ఉత్తరం అందిన రోజే జవాబు రాయి.

మీ పిచ్చుక

మార్చి 25

పిచ్చుకకి,

నీ ఉత్తరం నిన్ననే అందింది. పోస్టువాడు ఏ చెట్టు కింద నిద్రపోయాడో ఏమో. చెయ్యి తెగితే ఆ కట్టు తడపకు. వంటింట్లో కూడా నీ చూపు ఎటో ఉంటుంది.

నీ స్నేహితురాలి సంగతికి వస్తాను. నేనైతే ఏం చేస్తానని అడిగావు. ముందు ఎర్ర చీటీ కడతాను. తర్వాత సంజాయిషీ రాయిస్తాను. తర్వాత మందు ఇప్పిస్తాను. ఆ వరస మారదు. ఇవాళ ఒకమ్మాయిని చూసీచూడనట్టు వదిలేస్తే రేపు వార్డంతా వేళ్ళు చింపుకుంటుంది. చింపడం ఒక తప్పు, మూత పెట్టడం రెండో తప్పు, దాచడం మూడోది. అలాంటి పిల్ల నా వార్డులో ఉంటే నా కళ్ళెదుట నుంచి పొమ్మంటాను. ఆ పిల్లని పెంచినవాళ్ళని అనాలి అసలు.

అయినా ప్రాణం ముఖ్యం కాబట్టి చెబుతున్నాను. కామెర్ల టీకా మూడు డోసులూ పడి ఉంటే హెపటైటిస్ భయం అంతగా లేదు. పడకపోతే వారంలోపే ఇంజక్షన్ తీసుకోవాలి. ఈపాటికి తీసుకునే ఉంటుంది, నర్సు కదా, ఆ మాత్రం తెలియదా. ఇంకా చెప్పకపోతే నువ్వే వెళ్ళి పెద్దగంటకి చెప్పెయ్. స్నేహం అని నోరు మూసుకోవడం స్నేహం కాదు. నువ్వు మూడు డోసులూ వేసుకున్నావుగా? ఉద్యోగంలో చేరేటప్పుడే వేస్తారు, నాకు తెలుసు. మీ అమ్మ అడగమంటే అడుగుతున్నాను.

నీ పెద్దమ్మ

ఏప్రిల్ 9

పెద్దమ్మకి, అమ్మకి,

ఉత్తరం అందింది. ఆ అమ్మాయి బాగానే ఉంది. పెద్దగంటకి నేను చెప్పలేదు. ఇక్కడా నువ్వు రాసిన వరసే కాబట్టి కొత్తగా చెప్పేదేం లేదనిపించింది.

టీకా వేసుకున్నాను, అమ్మని దిగులు పడొద్దని చెప్పు.

మా దండ కూడా పెరగడం ఆగిపోయింది. పెద్దగంటని పై ఆఫీసువాళ్ళు మెచ్చుకున్నారు. ఆవిడ ఆ రోజు మాకందరికీ టీలు ఇప్పించి, ఇదంతా మీ పెద్దమ్మ చలవే అంది. నీ మీటింగు బాగా జరగాలి.

వేలు మానింది.

పిచ్చుక

ఏప్రిల్ 24

పిచ్చుకకి,

ఏమిటే అది, ఉత్తరమా టెలిగ్రామా? నాలుగు ముక్కలు గీకి పడేశావు. మీ అమ్మ వినడం మొదలుపెట్టేలోపే అయిపోయింది. "దాని గొంతు ఇందులో లేదక్కా" అంది. కాగితంలో గొంతేమిటని నేను కేకలేశాను. నా మీద కోపమా? ఎవరో పిల్లని నేను నాలుగు మాటలు అంటే నీకెందుకు కోపం?

మీటింగు అయింది. నోరు ఎండిపోలేదు, పైగా ఆపమని చీటీ పంపేదాకా ఆపలేదట. దండ మొదలుపెట్టిన కొత్తలో తప్ప ఆ తర్వాత ఎర్ర చీటీ ఒక్కటి కూడా పడలేదని చెప్పగానే హాలంతా చప్పట్లు. దూరం నుంచి వచ్చినవాళ్ళు కూడా దండ ఎలా కట్టాలో రాసుకుని వెళ్ళారు. ఒక పెద్దాయన మాత్రం "ఒక్కటంటే ఒక్కటి కూడా గుచ్చుకోలేదా? మనుషులేనా వాళ్ళు?" అని అడిగాడు. కుళ్ళుమోతు మొహం. నేను పట్టించుకోలేదు.

పెద్ద ఉత్తరం రాయి. మా మీద జాలి లేకపోయినా మీ అమ్మ చెవుల మీదైనా జాలి చూపించు.

నీ పెద్దమ్మ

మే 27

పెద్దమ్మకి, అమ్మకి,

నా మీద కోపం తెచ్చుకోవద్దు. రాయాలని కూర్చుంటాను, కలం బరువుగా అనిపిస్తుంది. ఈమధ్య ఒంట్లో అంత బాగుండటం లేదు. పొద్దున్నే లేవాలంటే ప్రాణం మీదికి వస్తోంది. వంటింటి వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పుతోంది. ఏం తిన్నా నోటికి చేదే. నిన్న డ్యూటీలో కళ్ళు తిరిగితే మందుల బీరువా పట్టుకుని నిలబడ్డాను. మీ అల్లుడు సెలవు పెట్టమని పోరుతున్నాడు. ఆయనే వంట చేస్తున్నాడు, అది తినలేకపోవడానికి నా జబ్బే కారణమో ఆయన వంటే కారణమో తేలడం లేదు.

నీకు చెప్పాల్సింది ఒకటుంది పెద్దమ్మా. ఎలా రాయాలో తెలియడం లేదు. ఇంకోసారి రాస్తాను.

పిచ్చుక

జూన్ 5

ఓసి దొంగపిల్లా!

"చెప్పాల్సింది ఒకటుంది, ఎలా రాయాలో తెలియదు" అంటావా? నాకు తెలియదనుకున్నావా? ఎంతమంది ఆడపిల్లలు నా ముందు ఇదే మొహంతో నిలబడ్డారు! కడుపులో తిప్పడం, నోరు చేదు, నీరసం, వంటింటి వాసన గిట్టకపోవడం. ఇంకేం రాయక్కర్లేదు, అంతా తెలిసిపోయింది. ఇన్నాళ్ళూ ఉత్తరాలు ముక్తసరిగా రాసింది ఇందుకేనన్నమాట! నా మీద కోపమేమోనని కుమిలిపోయాను కదే.

మీ అమ్మకి చదివి వినిపిస్తుంటే మధ్యలోనే లేచి నిలబడింది. గోడ పట్టుకుని తడుముకుంటూ వెళ్ళి, పెట్టె అడుగునుంచి పసుపు రంగు ఉన్ని తీసింది. చూపు లేకపోతేనేం, వేళ్ళతో కుట్లు లెక్కపెట్టుకుంటూ అల్లుతోంది. ఇప్పటికే స్వెట్టరుకి ఒక చిన్న చెయ్యి అయింది, నా రెండు వేళ్ళు పడతాయి అందులో. పాపో బాబో తెలియదు కాబట్టి పసుపు ఎవరికైనా నప్పుతుందట. అది విని నేను కూడా ఏడ్చాను, ఎవరికీ చెప్పకు.

బరువులు ఎత్తకు. నిలబడే డ్యూటీ వద్దని పెద్దగంటకి నేను చెప్పానని చెప్పు. అల్లుడి వంట నోరు మూసుకుని తిను.

మా వార్డులో ఇప్పటికీ ఎర్ర చీటీ పడలేదు. అన్నీ మంచి కబుర్లే.

కాబోయే అమ్మమ్మలు ఇద్దరి తరఫున
నీ పెద్దమ్మ

జూన్ 14

పెద్దమ్మకి,

ఇది అమ్మకి చదవకు. నువ్వొక్కదానివే చదువు.

పాపా లేదు, బాబూ లేదు. అమ్మ అల్లడం ఆపేలా ఏదైనా చెప్పు, ఏం చెబుతావో నీ ఇష్టం. నాకు కామెర్లు. కళ్ళు, గోళ్ళు, అరచేతులు అన్నీ పచ్చగా అయిపోయాయి. హెపటైటిస్ బి అని తేలింది. మా వార్డులోనే, కిటికీ పక్క మంచం మీదే పడుకోబెట్టారు. మీ అల్లుడు మీకు ఫోన్ చేస్తానంటే నేనే వద్దన్నాను. ఇది నేనే చెప్పాలి.

మార్చిలో నేను రాసిన అమ్మాయిని నేనే. కత్తి తగల్లేదు, సూది గుచ్చుకుంది. తాతగారి రిపోర్టు వారం తర్వాత వచ్చింది. అది చూశాక కూడా చెప్పలేదు. టీకా ఒక్క డోసే పడింది, తర్వాత సరుకు లేదన్నారు, నేనూ మర్చిపోయాను. అప్పటికప్పుడు ఇంజక్షన్ తీసుకుంటే సరిపోయేదని నాకు తెలుసు. నాకు తెలియకా పెద్దమ్మా? తెలిసే నీకు రాశాను. నువ్వు ఒక్క మాట, ముందు ఇంజక్షన్ తీసుకో తర్వాత చూద్దాం అని రాస్తావనుకున్నాను. ఆ మాట పట్టుకుని వెళ్దామనుకున్నాను. నీ జవాబు వచ్చేసరికి ఎలాగూ ఆలస్యమైపోయింది, కాబట్టి నీ జవాబు వల్ల ఏదీ మారలేదు. అది నువ్వు మనసులో పెట్టుకోకు. నువ్వు మొహం చూపించొద్దన్నావని మాత్రం భయమేసింది.

నిన్న కొత్తమ్మాయి నాకు రక్తం తీయడానికొచ్చింది. నా చేతులు వాచాయి, నరం దొరకడం లేదు. తడిమింది, తడిమింది. ఆ అమ్మాయివీ చిన్న చేతులే. అటూ ఇటూ చూసి వేలికొస చింపి జేబులో పెట్టుకుంది. నేను చెయ్యి లాగేసుకున్నాను. "నా రక్తం మంచిది కాదమ్మా, ఇంకో గ్లౌజు తొడుక్కో, ఎన్నిసార్లు పొడిచినా ఏమీ అనను, కూర్చుని తియ్యి" అన్నాను. తర్వాత మెల్లిగా అడిగాను, నీకెప్పుడైనా గుచ్చుకుందా అని. లేదక్కా అంది. అంటూ గోడ మీద దండ వైపు చూసింది. నేనూ అటే చూసి అబద్ధం చెప్పినదాన్ని కదా, నాకు తెలిసిపోయింది. ఆ దండ ఈ మంచం మీంచి బాగా కనిపిస్తుంది. మొదటి కొస నాదే, పేరు వెలిసిపోయింది.

పెద్దగంటకి నేను చెబితే వినదు. నీ మాట వింటుంది. ఆ దండ తీయించు. మీ దగ్గరా ఎర్ర చీటీలు లేవంటే గుచ్చుకోవడం లేదని కాదు పెద్దమ్మా. ఎవరూ చెప్పడం లేదు, అంతే.

రాత్రీ పగలూ తేడా తెలియడం లేదు. పొద్దున మీ అల్లుడు వస్తే ఎవరా అని కాసేపు చూశాను. ఆ దండ తీయించు.

పెద్దమ్మకి, అమ్మకి, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. గ్లౌజులు చిన్న సైజు మీ దగ్గర వస్తాయా? రాస్తే నేనూ ఇక్కడ

జూన్ 19

నా తల్లికి,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. చివరి వాక్యాలు గీత దిగి పక్కకి పోయాయి, మొదలుపెట్టిన ఉత్తరాన్నే మళ్ళీ మొదలుపెట్టావు. అదేమిటో నాకు తెలుసు. లివర్ చేయాల్సిన పని చేయనప్పుడు ఆ విషం తలకెక్కుతుంది. ఆ స్థితిలో ఉన్నవాళ్ళని ఎంతమందిని చూసుకున్నానో! వాళ్ళలో ఎంతమంది ఇంటికి వెళ్ళారో కూడా నాకు తెలుసు.

వెంటనే మీ ఆసుపత్రికి ఫోన్ చేశాను. అల్లుడు ఏడుస్తూ మాట్లాడాడు. తర్వాత పెద్దగంటని పిలవమన్నాను. ఆవిడ గొంతు అంత చిన్నదవుతుందని నేను అనుకోలేదు. "ఇప్పుడే తీసేస్తున్నా" అంది. తీసేదాకా ఫోన్ పెట్టనన్నాను. దారం తెంపిన చప్పుడు వినిపించింది.

ఇవాళ పొద్దున నా వార్డుకి వెళ్ళి నా దండ నేనే తెంపాను. అమ్మాయిలందర్నీ గదిలోకి పిలిచి తలుపు వేశాను. దండ కట్టాక ఎవరికెవరికి సూది గుచ్చుకుందో చెప్పమన్నాను. "మాకెవరికీ లేదు సిస్టర్" అన్నారు. నన్ను చూసి భయపడుతున్నారు. అప్పుడు చెప్పాను, నా చెల్లెలి కూతురికి గుచ్చుకుంది, దండకి భయపడి చెప్పలేదు, ఇప్పుడు ఒళ్ళంతా పచ్చగా అయిపోయి పడుకుని ఉంది అని. కాసేపటికి అందరికన్నా సీనియర్, వచ్చే ఏడాది రిటైరవబోయేది, చెయ్యెత్తింది. తర్వాత అప్పట్లో పేరు చదివితే ఏడ్చిన పిల్ల. తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో నేను చూడలేకపోయాను. చప్పట్లు కొట్టారే మీటింగులో నాకు, అవి గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. అందర్నీ పరీక్షలకి పంపాను. ఒక్క కాగితం ముక్క మీద కూడా సంజాయిషీ రాయించలేదు. సూదుల డబ్బాలు మంచాల పక్కకి జరిపించాను. చూడ్డానికొచ్చినవాళ్ళు హడలిపోతే పోనీ. పెద్ద డాక్టరు బల్ల మీద చిన్న గ్లౌజుల కోసం కాగితం పెట్టి, సంతకం చేసేదాకా ఆయన ఎదురుగానే నిలబడ్డాను. ఫిబ్రవరిలో నువ్వు రాసినప్పుడే చేయాల్సిన పని ఇది. ఎంతసేపు పట్టిందనుకున్నావు? ఆయన కలం వెతుక్కునేంతసేపు.

ముందు చీటీ, తర్వాత సంజాయిషీ, ఆ తర్వాత మందు అని రాశాను నీకు. ఆ జవాబుని మనసులో పెట్టుకోవద్దన్నావు. పెట్టుకోకుండా ఎలా ఉంటానే?

అమ్మకి చదవొద్దన్నావు. నేను చదవకూడదనే అనుకున్నాను. ఉత్తరం విప్పి, "పిల్ల బాగానే ఉందట" అని నోటికొచ్చింది చెప్పబోయాను. మీ అమ్మ అల్లిక ఆపి, "ఏదో దాటేశావు అక్కా, మళ్ళీ చదువు" అంది. నా వల్ల కాలేదు. మొత్తం చదివాను. తను ఏడవలేదు. ఉన్ని ఉండ చుట్టి పక్కన పెట్టి, "దాని చేతులు చిన్నవని నేను చెప్పాను కదా అక్కా" అంది. అంతకన్నా నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

రేపు పొద్దున బస్సుకి ఇద్దరం బయలుదేరుతున్నాం. మీ అమ్మ ఆ చిన్న పసుపు చెయ్యి కూడా పెట్టెలో పెట్టుకుంది, ఎందుకని నేను అడగలేదు. చిన్న సైజు గ్లౌజులు ఒక పెట్టె నా సంచిలో ఉన్నాయి, బజారులో కొన్నాను. వచ్చాక నీ రక్తం నేనే తీస్తాను. నరం దొరికేదాకా నీ పక్కనే కూర్చుంటాను.

ఈ ఉత్తరం పోస్టులో వేయను. అది నాకన్నా వెనక వస్తుంది, ఇకమీదట ఆలస్యమయ్యేది ఏదీ నాకొద్దు. నాతోనే తెస్తున్నాను. నువ్వు చదవలేని స్థితిలో ఉంటే నేనే చదివి వినిపిస్తాను. నన్ను గుర్తుపట్టకపోయినా వినిపిస్తాను. ఒక్క ముక్క కూడా మింగను.

పెద్దమ్మ